కలరా బ్యాక్టీరియా మన పేగుల్లోకి వచ్చానని ఎలా పసిగడుతుంది?

వానాకాలం మొదలైందంటే ఉత్తరాంధ్ర జిల్లా పేజీల్లో ఒకే రకం వార్త మళ్లీ మళ్లీ వస్తుంది. ఫలానా ఊళ్లో వాంతులు, విరేచనాలు, పదుల సంఖ్యలో ఆస్పత్రి పాలు, సీరియస్‌గా ఉన్నవాళ్లని విశాఖ కేజీహెచ్‌కి తరలించారు, నీటి శాంపిల్స్ ల్యాబ్‌కి పంపారు. 2024 అక్టోబరులో పక్కనే విజయనగరం జిల్లా గుర్లలో డయేరియా ప్రబలి ప్రాణాలు పోయినప్పుడు ఇక్కడ విశాఖలో కూడా మన కుళాయి నీళ్లు మంచివేనా అని అందరికీ టెన్షన్ పట్టుకుంది. అలాంటప్పుడు వినబడే ప్రశ్నల్లో రెండు నిజంగా మంచివి, కానీ వాటికి ఓపిగ్గా జవాబు చెప్పేవాళ్లు తక్కువ. ఒకే కుళాయి నీళ్లు తాగిన వీధిలో కొందరికే ఎందుకు వస్తుంది? ఒక ఇంట్లో ఒకరు పడిపోతే రెండు మూడు రోజుల్లో మిగతావాళ్లు కూడా ఎందుకు పడిపోతారు?

జవాబులో కొంత భాగం చాలామందికి తెలిసిందే. కడుపులో ఆమ్లం తక్కువున్నవాళ్లకి ముప్పు ఎక్కువ, ఇంతకు ముందు సోకినవాళ్లకి కొంత రక్షణ ఉంటుంది, ఎన్ని క్రిములు లోపలికి వెళ్లాయన్నదీ లెక్కే, కలరా విషయంలోనైతే ‘ఓ’ (O) గ్రూపు రక్తం వాళ్లకి జబ్బు తీవ్రంగా వస్తుందని కూడా తేలింది. మిగతా భాగం బ్యాక్టీరియా వైపు ఉంది. అదే బ్యాక్టీరియా, అదే డీఎన్‌ఏ, కానీ అది ఏ స్థితిలో ఉండగా మన నోట్లోకి వచ్చింది, లోపలికి వెళ్లాక దేన్ని ఎప్పుడు మొదలుపెట్టింది అన్నదాన్ని బట్టి కథ మారిపోతుంది. ఈ వ్యాసం ఆ సంగతి గురించే.

ముందే ఒక మాట. నీళ్ల వల్ల వచ్చే విరేచనాలన్నీ కలరా కాదు. రోటావైరస్, ఈ.కొలై, షిగెల్లా, ఇంకా చాలా ఉన్నాయి. నేను కలరాను ఎంచుకోవడానికి కారణం ఒకటే, నీళ్లలో బతుకుతూ మనిషికి జబ్బు చేసే బ్యాక్టీరియాల్లో జన్యు నియంత్రణ దృష్టితో బహుశా ఇంత లోతుగా చదివింది మరొకటి లేదు.

జీన్ ఉండటం వేరు, అది పనిచేయడం వేరు

జీన్ అంటే డీఎన్‌ఏలో ఒక భాగం, ఒక ప్రొటీన్‌ను ఎలా తయారు చేయాలో అందులో ఉంటుంది. కలరా తెచ్చే విబ్రియో కలరేకి రెండు క్రోమోజోములు ఉన్నాయని, వాటిలో కలిపి దాదాపు 3,900 జీన్లు ఉన్నాయని 2000లో దాని జీనోమ్ మొత్తం చదివినప్పుడు తెలిసింది. ఇవన్నీ ఒకేసారి పనిచేయవు. ఏ జీన్ ఎప్పుడు పనిచేయాలి, దాన్నుంచి ఎంత ప్రొటీన్ రావాలి అని తేల్చే ఏర్పాటే జన్యు నియంత్రణ. జీన్‌కి కాస్త ముందు ప్రమోటర్ అనే చోటు ఉంటుంది, అక్కడికొచ్చి అతుక్కునే ప్రొటీన్లను రెగ్యులేటర్లు అంటారు. వాటిలో కొన్ని జీన్‌ను నడిపిస్తాయి, కొన్ని ఆపి ఉంచుతాయి.

ఆపి ఉంచడం ఎందుకు, అన్నీ ఎప్పుడూ నడుస్తూ ఉంటే ఏం పోయింది? ఖర్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్నప్పుడు మన ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి, ఆ రెండు నెలలూ ఏ బోటు ఓనరూ రోజూ డీజిల్ కొట్టించి, ఐస్ నింపి, కలాసీలను ఎక్కించి కూర్చోబెట్టడు కదా. బ్యాక్టీరియాకీ అంతే. ఒక్కో ప్రొటీన్ తయారీకి శక్తి ఖర్చవుతుంది, ముడిసరుకు ఖర్చవుతుంది. సముద్రపు నీళ్లలో తేలుతున్నప్పుడు మనిషి పేగును పట్టుకునే సరంజామా తయారు చేసుకుంటూ కూర్చున్న బ్యాక్టీరియా, ఆ పని చేయని పక్క బ్యాక్టీరియా కంటే నెమ్మదిగా పెరుగుతుంది, కొన్ని వందల తరాల్లో వెనకబడి కనుమరుగవుతుంది.

కాబట్టి దానికి కావలసింది విషం ఒక్కటే కాదు, ఎక్కడున్నానో తెలుసుకునే దారి కూడా.

నీళ్లలో దాని మామూలు బతుకు

కలరా బ్యాక్టీరియా మనిషి కోసమే పుట్టిందేం కాదు. నది సముద్రంలో కలిసే చోట ఉండే ఉప్పూ తీపీ కలిసిన నీళ్లు దానికి బాగా ఇష్టం. గోస్తనీ వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుందే, అలాంటి చోట్లన్నమాట (అక్కడ కలరా ఉందని నేననడం లేదు, ఎలాంటి నీళ్లో తెలియడానికి చెబుతున్నా). అక్కడ అది ఎక్కువగా కోపీపాడ్లు అనే కంటికి ఆనీ ఆనని పురుగుల్లాంటి జీవుల మీద అంటుకుని ఉంటుంది. వాటి పైపెంకు కైటిన్‌తో చేసింది, రొయ్య తోలులో, పీత డిప్పలో ఉండే పదార్థమే అది. కైటిన్ తగలగానే బ్యాక్టీరియాలో ఒక జీన్ల గుంపు మేల్కొంటుంది. దాన్ని అరిగించే ఎంజైములు వస్తాయి, చుట్టూ పడి ఉన్న వేరే బ్యాక్టీరియాల డీఎన్‌ఏ ముక్కలను లోపలికి లాక్కునే సామర్థ్యం కూడా వస్తుంది. ఈ రెండోది 2005లో బయటపడింది. కొత్త కొత్త రకాలు ఎలా పుట్టుకొస్తున్నాయన్న ప్రశ్నకు అది పెద్ద ఆధారం. 1992లో చెన్నై వైపు మొదట కనబడిన ఓ139 (O139) అనే కలరా రకం కూడా పాత రకమే పైపొర జీన్లను మార్చుకుని తయారైనది.

ఇలా ఒకదానికొకటి అంటుకుని, జిగురు పొర కప్పుకుని ఉండే గుంపును బయోఫిల్మ్ అంటారు. రీటా కోల్‌వెల్ బృందం బంగ్లాదేశ్‌లోని మత్లబ్ పల్లెల్లో పాత చీరను పలుమార్లు మడిచి నీళ్లు వడపోయిస్తే కలరా కేసులు దాదాపు సగానికి తగ్గాయి, ఆ ఫలితాలు 2003లో వచ్చాయి. ఒంటరి బ్యాక్టీరియాను చీర ఆపలేదు, నూలు దారాల మధ్య సందు దానికి చాలా పెద్దది. కానీ అది కోపీపాడ్ మీద గుంపుగా కూర్చుని ఉంటే ఆ గుంపు మొత్తం చీరలో ఆగిపోతుంది. బ్యాక్టీరియా ఏ జీన్లు వాడుతూ ఏ రూపంలో ఉందన్నది వంటింటి దాకా వచ్చే విషయమని నాకు ఈ అధ్యయనం చదివాకే బాగా అర్థమైంది.

విషం జీన్ ఎక్కడి నుంచి వచ్చింది

కలరాకి కారణం బ్యాక్టీరియా విడిచే ఒక టాక్సిన్ అని 1959లో కోల్‌కతాలో శంభునాథ్ డే నిరూపించారు. కుందేలు పేగులో ఒక ముక్కను రెండు వైపులా కట్టి, అందులోకి బ్యాక్టీరియా తీసేసిన ద్రవాన్ని ఎక్కిస్తే ఆ ముక్క నీళ్లతో ఉబ్బిపోయింది. అంటే బ్యాక్టీరియా లేకపోయినా అది విడిచిన పదార్థం ఒక్కటే చాలు. మన దేశంలో జరిగిన గొప్ప ప్రయోగాల్లో ఇదొకటి, ఆయన పేరు స్కూలు పుస్తకాల్లో ఇంకా పెద్దగా కనబడదు.

ఆ టాక్సిన్ జీన్ అసలు బ్యాక్టీరియా సొంతం కాదని 1996లో వాల్డర్, మెకలానోస్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. బ్యాక్టీరియాలకు సోకే ఒక వైరస్, అంటే ఫేజ్, దాన్ని మోసుకొచ్చింది. ఆ ఫేజ్ లోపలికి రావడానికి పట్టుకునేది టీసీపీ అనే సన్నని పోగుల్ని, బ్యాక్టీరియా మన పేగులో గుంపు కట్టడానికి వాడుకునేదీ ఆ పోగుల్నే. పోగులు లేని బ్యాక్టీరియాకు ఆ ఫేజ్ మామూలుగా సోకదు. అందుకే నీళ్లలో దొరికే విబ్రియో కలరేల్లో చాలావాటికి టాక్సిన్ జీన్ ఉండనే ఉండదు. రిపోర్టులో ఆ పేరు కనబడినంత మాత్రాన కలరా మహమ్మారి అని అర్థం కాదు, ఏ రకమో, టాక్సిన్ జీన్ ఉందో లేదో కూడా చూడాలి.

గ్లాసు నుంచి పేగు గోడ వరకు: ఒక బ్యాక్టీరియా వెంట నడిస్తే

టాక్సిన్ జీన్ ఉన్న ఒక బ్యాక్టీరియా గ్లాసు నీళ్లతో పాటు లోపలికి వెళ్లిందనుకుందాం. మొదట కడుపులోని ఆమ్లం. వెళ్లిన వాటిలో చాలా మటుకు అక్కడే చచ్చిపోతాయి. ఆమ్లాన్ని తట్టుకునే జీన్లను సమయానికి పనిలో పెట్టినవి కొన్ని బతికి చిన్నపేగులోకి జారతాయి. అక్కడ పిత్తం ఎదురవుతుంది, అది సబ్బు చేసే పనే చేస్తుంది, బ్యాక్టీరియా పైపొరను కరిగిస్తుంది. ఇక్కడే టాక్స్‌ఆర్ అనే ప్రొటీన్ రంగంలోకి వస్తుంది.

టాక్స్‌ఆర్ ఉండే తీరు చాలా ఆసక్తిగా ఉంటుంది. బ్యాక్టీరియా లోపలి పొరకు అడ్డంగా, ఒక కొస బయటి వైపుకి, ఒక కొస లోపలి వైపుకి ఉండేలా అది అమరి ఉంటుంది. బయటి కొసకు పరిసరాల మార్పు తగులుతుంది, లోపలి కొస నేరుగా డీఎన్‌ఏని పట్టుకుంటుంది. పిత్తం తగలగానే అది పైపొరలో ఉన్న ఓఎంపీటీ అనే రంధ్రాల ప్రొటీన్‌ను తగ్గించి, పిత్తాన్ని అంతగా లోపలికి రానివ్వని ఓఎంపీయూ అనే ప్రొటీన్‌ను పెంచుతుంది. అంటే మొదటి పని ప్రాణం కాపాడుకోవడం, విషం సంగతి తర్వాత.

ఆ తర్వాత బ్యాక్టీరియా తన ఒకే ఒక్క తోకతో ఈదుతూ పేగు గోడ మీది జిగట పొరలోకి దూసుకెళ్తుంది. లోపలికి వెళ్లేకొద్దీ పరిస్థితి మారుతుంది. పేగు మధ్యలో పిత్తంతో వచ్చిన కొవ్వు ఆమ్లాలు ఎక్కువ, గోడ దగ్గర తక్కువ. గోడ దగ్గర బైకార్బనేట్ ఎక్కువ. ఈ తేడాలే బ్యాక్టీరియాకు అడ్రసు చెబుతాయి. టాక్స్‌ఆర్, దానితో పాటు టీసీపీ-పీ అనే ఇంకో ప్రొటీన్ కలిసి టాక్స్‌టీ అనే జీన్‌ను నడిపిస్తాయి. టాక్స్‌టీ ప్రొటీన్ తయారయ్యాక అదే వెళ్లి అటు పోగుల జీన్లను, ఇటు టాక్సిన్ జీన్లను మొదలుపెడుతుంది. అప్పటిదాకా ఆ జీన్ల మీద హెచ్-ఎన్ఎస్ అనే ప్రొటీన్ పరుచుకుని వాటిని పనిచేయనివ్వకుండా ఉంచుతుంది, టాక్స్‌టీ దాన్ని పక్కకు తప్పిస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చిన వివరం ఒకటుంది. 2010లో టాక్స్‌టీ ఆకారాన్ని స్ఫటికం చేసి చూసినప్పుడు దాని మధ్యలో ఒక కొవ్వు ఆమ్లం ఇరుక్కుని కనబడింది. శాస్త్రవేత్తలు దాన్ని పెట్టలేదు, బ్యాక్టీరియాలో తయారైనప్పుడే అది అందులో చేరింది. ఆ కొవ్వు ఉన్నంతసేపూ టాక్స్‌టీ డీఎన్‌ఏని సరిగా పట్టుకోలేదు. అంటే పేగు మధ్యలో తేలుతున్నంతసేపూ పిత్తపు కొవ్వులు దాన్ని పనిచేయనివ్వవు, గోడ దగ్గరికి చేరి ఆ కొవ్వులు తగ్గి బైకార్బనేట్ పెరిగాకే అది పూర్తిగా పనిలోకి దిగుతుంది. విషం గోడ పక్కనే వదిలితే పనికొస్తుంది, మధ్యలో వదిలితే కొట్టుకుపోతుంది.

వేడి లెక్క కూడా ఉంది. టాక్స్‌టీ ఆర్‌ఎన్‌ఏ (ప్రొటీన్ తయారీ కోసం జీన్ నుంచి తీసిన నకలు) చల్లగా ఉన్నప్పుడు తన మీదకే మడతపడి ఉంటుంది, 37 డిగ్రీల దగ్గర ఆ మడత విడిపోయి ప్రొటీన్ తయారీ సాగుతుందని 2014లో చూపించారు.

ఇక టాక్సిన్ చేసే పని. అది పేగు కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత పదార్థాన్ని బాగా పెంచేస్తుంది, దాంతో కణం క్లోరైడ్‌ను ఆగకుండా బయటకు పంపుతుంది, ఉప్పు వెంట నీళ్లు పోతాయి. తీవ్రమైన కేసుల్లో గంటకు లీటరు దాకా. బియ్యం కడిగిన నీళ్లలా ఉండే ఆ విరేచనాలు అలా వచ్చినవే. అయితే గ్లూకోజు, సోడియం కలిసి లోపలికి వెళ్లే దారిని ఈ టాక్సిన్ పాడుచేయదు, ఓఆర్ఎస్ పనిచేసేది ఆ దారి మీద ఆధారపడే. 1971లో బనగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఓఆర్ఎస్ వాడినప్పుడు 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి పడిపోయాయి.

ఇంత చేస్తే బ్యాక్టీరియాకు ఒరిగేదేంటి? చాలాకాలం చెప్పిన జవాబు, విరేచనాలతో కోట్ల సంఖ్యలో మళ్లీ నీళ్లలోకి చేరిపోవడం. 2019లో మెకలానోస్ బృందం ఇంకో కారణం చూపింది. టాక్సిన్ ప్రభావంతో పేగు గోడ దగ్గర ఇనుము ఉన్న హీమ్, కొవ్వు ఆమ్లాలు బ్యాక్టీరియాకు తిండిగా దొరుకుతాయి. రెండూ నిజం కావచ్చు, ఒకటి రెండోదాన్ని కొట్టేయదు.

గుంపు ఎంతుందో చూసుకుని బయల్దేరడం

బ్యాక్టీరియాలు చిన్న చిన్న రసాయనాలు వదులుతూ ఉంటాయి. చుట్టూ అవి ఎంత పోగయ్యాయో చూసి తమవాళ్లు ఎంతమంది ఉన్నారో అంచనా వేసుకుంటాయి. దీన్ని కోరమ్ సెన్సింగ్ అంటారు, బానీ బాస్లర్ ల్యాబ్ దీని మీద చాలా పని చేసింది. కొన్ని బ్యాక్టీరియాలు గుంపు పెరిగాక దాడి మొదలుపెడతాయి. కలరాది దీనికి సరిగ్గా వ్యతిరేకం. తక్కువమంది ఉన్నప్పుడు పోగులు, టాక్సిన్, బయోఫిల్మ్ అన్నీ నడుస్తాయి. గుంపు బాగా పెరిగాక హాప్‌ఆర్ అనే రెగ్యులేటర్ వచ్చి వాటిని ఆపి, గోడను వదిలించుకునే ఎంజైమును పెంచుతుంది. కలరా స్వభావానికి ఇది సరిగ్గా సరిపోతుంది, అది నెలల తరబడి ఒంట్లో ఉండే రకం కాదు, వేగంగా పెరిగి వేగంగా బయటపడాలి.

బయటపడే ముందు ఇంకోటి జరుగుతుంది. ఇంకా పేగులో ఉండగానే, బయట చెరువు నీళ్లలో బతకడానికి కావలసిన జీన్లను అది ముందుగానే మొదలుపెడుతుందని 2007లో ఎలుక పిల్లల మీద చేసిన పనిలో తేలింది.

రెండో ప్రశ్నకు, అంటే ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి ఎందుకంత త్వరగా పాకుతుందన్న దానికి, జవాబు ఇక్కడ దొరుకుతుంది. బంగ్లాదేశ్ రోగుల విరేచనాల నుంచి నేరుగా తీసిన బ్యాక్టీరియాకు, అదే బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచినదానికి ఎలుక పిల్లల్లో పోటీ పెట్టి చూస్తే, రోగి నుంచి వచ్చినది ఎన్నో రెట్లు బలంగా సోకిందని 2002లో ప్రచురించారు. ఆ బలం చెరువు నీళ్లలో కొన్ని గంటలు నిలిచింది. ఆ సమయంలో టాక్సిన్ జీన్లేమీ జోరుగా లేవు, మారింది ఈత పద్ధతి. రసాయనాల వైపు దిశ మార్చుకుంటూ ఈదే జీన్లు తగ్గి, నేరుగా ఈదే స్థితిలో అవి ఉన్నాయి.

ఒక లెక్క వేద్దాం, అంకెలు ఉజ్జాయింపువే. రోగి విరేచనంలో మిల్లీలీటరుకు కోటి బ్యాక్టీరియాలు ఉన్నాయనుకుందాం, కలరాలో ఇది అసాధారణమేం కాదు. సరిగా కడగని చేతి నుంచి 20 లీటర్ల క్యాన్‌లోకి ఒక్క మిల్లీలీటరు చేరింది. 20 లీటర్లంటే 20,000 మిల్లీలీటర్లు, కాబట్టి మిల్లీలీటరుకు 500. 200 మిల్లీలీటర్ల గ్లాసులో లక్ష. అమెరికాలో వాలంటీర్లకు ల్యాబ్‌లో పెంచిన బ్యాక్టీరియాను ఇచ్చినప్పుడు, కడుపు ఆమ్లం తగ్గించే మందుతో కలిపి ఇస్తే పది లక్షలతోనే ఎక్కువమందికి జబ్బు వచ్చింది. మన గ్లాసులో ఉన్నది అందులో పదో వంతు. కానీ అప్పుడే బయటికొచ్చిన బ్యాక్టీరియా కనీసం పది రెట్లు బలంగా సోకుతుందనుకుంటే, ఆమ్లం తక్కువున్న ముసలివాళ్లకి ఆ లక్ష పది లక్షలతో సమానం. అదే లక్ష ఒక రోజు పాటు నీళ్లలో ఉండిపోయి ఆ బలం పోగొట్టుకున్నాక తాగితే లెక్క వేరు. సంఖ్య మారలేదు, స్థితి మారింది.

ఇంకా తేలని సంగతులు

ఇదంతా చదివితే అంతా తేలిపోయినట్టు అనిపిస్తుంది, కానీ నిపుణుల మధ్య గట్టి వాదనలే ఉన్నాయి.

మొదటిది ల్యాబ్‌కీ ఒంటికీ పొంతన. పాత రకం కలరా ల్యాబ్‌లో టాక్సిన్ బాగా చేసేది 30 డిగ్రీల దగ్గర, 37 దగ్గర తక్కువ చేస్తుంది. మన ఒళ్లు 37 కదా! 1961 నుంచి తిరుగుతున్న ఎల్ టోర్ రకానికి బైకార్బనేట్ వేసి ప్రత్యేకంగా పెంచితే కానీ టాక్సిన్ రాదు. ఆర్‌ఎన్‌ఏ మడత 37 దగ్గర విడిపోతుందన్న ఫలితం ఈ చిక్కులో కొంత విప్పింది, మొత్తం విప్పలేదు. ల్యాబ్ గొట్టంలో కనబడిన ప్రతి సంకేతమూ పేగులో అదే పని చేస్తుందని చెప్పలేం.

రెండోది కోరమ్ సెన్సింగ్ ఎంత ముఖ్యమన్నది. ప్రపంచమంతా ప్రయోగాల్లో వాడే ఎన్16961 అనే ఎల్ టోర్ స్ట్రెయిన్‌లో హాప్‌ఆర్ జీనే పాడైపోయి ఉంది, అయినా అది జబ్బు చేయగలదు. చూశారా, ఇది లేకపోయినా ఏం కాలేదు అని కొందరు. ల్యాబ్‌లలో చేతులు మారుతూ వచ్చిన స్ట్రెయిన్లలో ఇలాంటి మార్పులు పోగవుతాయి, బయట తిరిగే వాటిని అలా అంచనా వేయకూడదు అని ఇంకొందరు. నాకు రెండో వాదన బరువైనదిగా కనిపిస్తుంది, ఎందుకంటే ఒక స్ట్రెయిన్ జబ్బు చేయగలగడం వేరు, ఒకరి నుంచి ఒకరికి ఏళ్ల తరబడి పాకుతూ నిలబడటం వేరు.

మూడోది నీళ్లలో నిద్రాణ స్థితి. చలి, తిండి లేకపోవడం లాంటి ఇబ్బందుల్లో ఈ బ్యాక్టీరియా బతికే ఉంటుంది కానీ ల్యాబ్ ప్లేటు మీద పెరగదని 1980ల నుంచి చెబుతున్నారు. దాన్ని జీన్ల ఆధీనంలో నడిచే ఒక ఏర్పాటుగా చూసేవాళ్లున్నారు, మెల్లగా చచ్చిపోతున్న కణాలకు గొప్ప పేరు పెట్టారనేవాళ్లూ ఉన్నారు. మనకు దీంతో నేరుగా సంబంధం ఉంది, ప్లేటు మీద ఏమీ పెరగలేదు కాబట్టి నీళ్లలో ఏమీ లేదనడం కుదురుతుందా అన్నది దీని మీదే ఆధారపడి ఉంది.

నాలుగోది మందుల ఆశ. బ్యాక్టీరియాను చంపకుండా టాక్స్‌టీని మాత్రమే ఆపే విర్‌స్టాటిన్ అనే రసాయనాన్ని 2005లో కనుగొన్నారు, ఎలుక పిల్లల్లో అది బ్యాక్టీరియాను పేగులో పాతుకోనివ్వలేదు. చంపదు కాబట్టి రెసిస్టెన్స్ నెమ్మదిగా వస్తుందని ఆశించారు, కానీ టాక్స్‌టీలో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, ఆ మందు పనిచేయడం మానేస్తుందని అప్పుడే కనబడింది. మనుషుల చికిత్సలోకి అది రాలేదు.

కుళాయి దగ్గర ఇదెలా తగులుతుంది

టైఫాయిడ్ బ్యాక్టీరియాలోనూ ఇలాంటి తెలివే ఉంది. పేగు మధ్యలో ఉప్పుల గాఢత ఎక్కువ కాబట్టి అక్కడ అది వీఐ అనే పైతొడుగును తగ్గించి ఉంచుతుంది, గోడ దాటి కణజాలంలోకి వెళ్లాక గాఢత తగ్గగానే దాన్ని కప్పుకుని, తోకల్ని తగ్గించుకుని, మన రోగనిరోధక వ్యవస్థ కంట పడకుండా తిరుగుతుంది. ఇప్పుడు పిల్లలకు వేస్తున్న టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఆ తొడుగునే లక్ష్యం చేసుకుంటుంది.

కలరాకి వస్తే, వాన పడి డ్రైనేజీ పొంగి, కాలువ పక్కనే వెళ్లే కుళాయి పైపులో చిల్లు ఉంటే ఏం లోపలికి వస్తుందో మనకి తెలుసు. అప్పుడు మామూలుగా చేసే కోలిఫామ్ పరీక్ష నీళ్లలో మలం కలిసే దారి ఉందో లేదో చెబుతుంది. ఏ బ్యాక్టీరియా, టాక్సిన్ జీన్ ఉందా, ఏ స్థితిలో ఉంది అన్నవి దాని పని కాదు. క్లోరిన్ విషయంలోనూ స్థితి లెక్కలోకి వస్తుంది. మన దేశ ప్రమాణం ప్రకారం కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, విడివిడిగా ఈదే కలరా బ్యాక్టీరియా క్లోరిన్‌కి తేలిగ్గా చచ్చిపోతుంది. కానీ జిగురు తయారు చేసే వీపీఎస్ జీన్లు జోరుగా నడిచి జిగురు పొర దట్టంగా కప్పుకున్న రకం, ప్లేటు మీద ముడతలు ముడతలుగా పెరిగేది, అదే క్లోరిన్‌ని చాలా ఎక్కువసేపు తట్టుకుంటుంది. అందుకే నీళ్లలో క్లోరిన్ వేయడం ఒక పని, పైపు లోపలి గోడలకు పాకుడు పట్టనివ్వకపోవడం, చిల్లులు పూడ్చడం విడిగా ఇంకో పని. మొదటిది చేశారు కదా అని రెండోది వదిలేయడానికి లేదు.